సురభి కమలాబాయి: తొలి తెలుగు టాకీ నటీమణి ప్రవాసచరిత్ర

ఆంధ్రనాటకవాఙ్మయమును గూర్చి మన పండితులు చేసిన పరిశోధనము స్వల్పము గాదు. నాటకకర్తల కాలనిర్ణయము జరిగినది; వారి కృతుల పట్టికలు సిద్ధమైనవి; పద్యరచనలోని గుణదోషములు విచారింపబడినవి. కాని యా నాటకములను ఊరూర వినిపించిన నటీనటుల చరిత్ర, అందును ముఖ్యముగా నటీమణుల చరిత్ర, ఇంకను చెదరియే యున్నది. దృశ్యకావ్యము ప్రయోగమున గాని పూర్ణత నొందదని లక్షణకర్తలే చెప్పియుండ, ప్రయోక్తలను విడిచి కర్తలను మాత్రము లెక్కించుట సగము చరిత్ర యగును.

బెజవాడనుండి బందరునకు పోవు మార్గమున నున్న కంకిపాడు, ఉయ్యూరు మొదలగు గ్రామములలో నాటకప్రసంగము వచ్చెనేని వృద్ధులు నేటికిని పద్యములు చదివి వినిపింతురు. పద్యము రచించినవారి పేరు చెప్పుదురు. రాగము సాగదీసి పాడిన పురుషనటుని పేరును చెప్పుదురు. స్త్రీపాత్ర ధరించిన స్త్రీ యెవరని యడిగినచో మాత్రము సమాధానము తడవుకొనవలసి వచ్చును. ఈ మరపునకు కారణము నటీమణుల ప్రతిభాలోపము గాదు. వారిలో పలువురు తెలుగుదేశము విడిచి బొంబాయి, కలకత్తా, చెన్నపట్టణములకు వలసపోవుటయు, వారి కృషికి సాక్ష్యములైన వస్తువులు నశించుటయు ప్రధానకారణములు. అట్టివారిలో మొదట లెక్కింపదగినది సురభి కమలాబాయి. ఆమె చరిత్రలో నిశ్చితములైన విషయములను ఒక్కచోట కూర్చి, వివాదాస్పదమైన యొక తేదీని విచారించి, ఆమె ప్రవాసమునకు గల కారణములను పరిశీలించుట యీ వ్యాసమునకు ప్రయోజనము.

కమలాబాయి విశిష్టత తెలియవలెనన్న నాటి రంగస్థలస్థితి ముందుగా తెలియవలెను. కృష్ణాతీరమున కూచిపూడి భాగవతులు తరతరములుగా భామాకలాపమును ప్రదర్శించుచుండిరి. అందు సత్యభామ వేషము పురుషులదే. పందొమ్మిదవ శతాబ్ది చివర పుట్టిన పద్యనాటకసమాజములును ఈ సంప్రదాయమునే యనుసరించినవి. బాపట్లయందు 1902లో జన్మించిన స్థానం నరసింహారావు స్త్రీపాత్రధారణమున నద్వితీయుడై కీర్తి గాంచెను. 1956లో పద్మశ్రీ బిరుదమును పొందెను. ఆయన ప్రతిభ శంకింపదగినది గాదు. కాని యా కీర్తికి నేపథ్యముగా నొక నిషేధ ముండెనని చరిత్రకారుడు మరువరాదు. గృహస్థుల కుటుంబములలోని స్త్రీలు రంగమెక్కుట యవమానమని సంఘము భావించెను. కళావంతుల కుటుంబములనుండి వచ్చినవారిని చూచుటకు వేడుకపడియు గౌరవించుటకు వెనుదీసెను.

ఈ నిషేధమునకు లోబడని సమాజము సురభి. 1885లో కడప మండలమునందలి సురభి గ్రామమున వనారస గోవిందరావు మొదలగువారు కీచకవధ నాటకమును ప్రదర్శించిరి. గ్రామనామమే సమాజమునకు పేరయ్యెను. వీరు పూర్వము తోలుబొమ్మలాట నాడించిన కుటుంబములవారు. మహారాష్ట్రమునుండి దక్షిణమునకు వచ్చి తెలుగునాట స్థిరపడిన ఆరె మరాఠీలు. బొమ్మలాటయందు తెరవెనుక స్త్రీలు పురుషులతో సమానముగా పాడుటయు సంభాషణములు చెప్పుటయు వాడుక. బొమ్మను విడిచి మనుష్యుడే వేషము కట్టినపుడు ఆ స్త్రీలు తెరవెనుకనుండి తెరముందునకు వచ్చిరి. కావున సురభివారు స్త్రీపాత్రలను స్త్రీలకే యిచ్చుట సంఘసంస్కరణోద్దేశమున పుట్టిన కొత్తపద్ధతి యనుటకంటె, వారి కులవృత్తిలో నంతకుముందే యున్న యాచారమునకు విస్తరణ మనుట సమంజసము. కుటుంబమంతయు నాటకమే జీవనముగా గలది యగుటచేత, ఒక్క సమాజము సంతానవృద్ధితో పెక్కు శాఖలై తెలుగుదేశమంతట డేరాలు వేసికొని తిరిగెను. కృష్ణామండలమున 1855 నాటికి బెజవాడయొద్ద ఆనకట్ట పూర్తియై, కాలువలక్రింద వరిపంట స్థిరపడిన పిమ్మట, ధాన్యము కళ్లములనుండి గాదెలకు చేరిన దినములలో నిట్టి సమాజములకు ఆదరము లభించుట సహజము.

కమలాబాయి 1907లో నీ సురభి కుటుంబమున జన్మించెను. ఆమె జననమును గూర్చి యొక కథ ప్రచారమున నున్నది. తల్లి నిండుగర్భిణియై దమయంతి పాత్ర ధరించియుండ, నాటకము నడుచుచుండగనే ప్రసవవేదన కలిగి, రంగస్థలముననే శిశువు పుట్టెననియు, ప్రేక్షకులు మొదట నదియు నాటకమున భాగమే యనుకొనిరనియు చెప్పుదురు. ఇట్టి కథలు నటుల జీవితములయందు తరువాత నల్లబడుటయు కలదు. అయినను సురభివారి జీవనవిధాన మెరిగినవారి కిది యసంభవముగా తోపదు. వారికి ఇల్లును డేరాయు వేరు గావు. విశ్రాంతికై పుట్టింటికి పోవుట యను నాచారమునకు అందు తావు తక్కువ. కథ యక్షరాల నిజమైనను కాకున్నను, ఆమెకు రంగస్థలమే జన్మభూమి యనుట మాత్రము సత్యము. పసితనమున బాలవేషములు ధరించి, పద్యము, పాట, సంభాషణము అను మూటిని ఆమె గురుకులమునకు పోకయే నేర్చుకొనెను.

ఆమె యౌవనమునాటికి తెలుగుదేశమున సినిమా కొత్తవస్తువు గాదు. 1921లోనే బెజవాడయందు పోతిన శ్రీనివాసరావు మారుతీ సినిమాహాలును నెలకొల్పియుండెను. కాని యపుడు వచ్చినవి మూకచిత్రములు. వానియందు మాట లేదు. కావున తెలుగు నటికి తెలుగుదన మక్కరకు రాదు. 1931 మార్చి 14వ తేదీన బొంబాయి మెజెస్టిక్ సినిమాలో అర్దేషిర్ ఇరానీ నిర్మించిన ఆలం ఆరా విడుదలయైనది. అది భారతదేశమున తొలి టాకీ. ఆ దినముతో చిత్రనిర్మాతలకు నూతనావసర మేర్పడెను: ఆయా భాషలను స్పష్టముగా పలుకగలిగి, నిలిచి పాడగలిగిన నటీనటులు కావలెను. అప్పటికి నేపథ్యగానము లేదు, పాత్రధారియే పాడవలెను. ఇట్టి నటీనటులు నాటకసమాజములయందు తప్ప మరియొకచోట లేరు. కాని శబ్దగ్రహణయంత్రములు తెలుగుదేశమున లేవు, చెన్నపట్టణమునను లేవు. బొంబాయి, కలకత్తాలలో నుండెను. కావున యంత్రము నటిచెంతకు రాజాలక, నటియే యంత్రముచెంతకు పోవలసివచ్చెను. కమలాబాయి ప్రవాసమునకు మూలకారణ మిదియే.

ఆలం ఆరా నిర్మాణమున పాలుగొనిన తెలుగువాడు హెచ్. ఎం. రెడ్డి. ఆయన యిరానీ ప్రోత్సాహమున తెలుగున సంపూర్ణమైన టాకీని తీయదలచి, సురభి సమాజమువారి ప్రయోగమున ప్రసిద్ధమైన భక్తప్రహ్లాదను ఎన్నుకొనెను. ఆ నాటకమునకు కర్త బళ్లారి ధర్మవరము రామకృష్ణమాచార్యులు. పాటలు కూర్చినవారు ఖమ్మము ప్రాంతీయులైన చందాల కేశవదాసు. హిరణ్యకశిపుడుగా మునిపల్లె సుబ్బయ్యయు, లీలావతిగా కమలాబాయియు, ప్రహ్లాదుడుగా కృష్ణారావను బాలుడును నటించిరి. పిమ్మట దర్శకుడై ప్రసిద్ధికెక్కిన ఎల్. వి. ప్రసాదును అందొక చిన్నవేషము ధరించెను. రంగస్థలమున నలవడిన నాటకమునే యంత్రముముందు మరల ప్రదర్శించుట యగుటచే పని త్వరితముగా ముగిసెను. కొండలనుండి త్రోయబడి, విషమీయబడి, అగ్నిలో వేయబడిన కుమారునికై దుఃఖించు తల్లి పాత్ర లీలావతిది. భర్త యాజ్ఞకును పుత్రవాత్సల్యమునకును నడుమ నలిగిపోవు నా పాత్రయందే తెలుగు స్త్రీ కంఠము మొదటిసారిగా సంపూర్ణమైన తెలుగు టాకీలో వినబడెను.

ఈ చిత్రము విడుదలయైన తేదీని గూర్చి చిరకాలము భ్రాంతి ప్రచారమున నుండెను. 1931 సెప్టెంబరు 15 అనునది పెక్కు గ్రంథములలో చేరి, తెలుగు సినిమా పుట్టినదినముగా నుత్సవములు జరుగుటకును కారణమయ్యెను. పరిశోధకులు రెంటాల జయదేవ నాటి పత్రికాప్రకటనలను, సెన్సారు వివరములను వెదకి, ఈ చిత్రమునకు 1932 జనవరి 22న సెన్సారు అనుమతి లభించెననియు, బొంబాయి కృష్ణా సినిమాలో 1932 ఫిబ్రవరి 6న మొదట ప్రదర్శింపబడెననియు నిరూపించిరి. అనుమతికి ముందే ప్రదర్శనము జరుగుట పొసగదు గనుక పాతతేదీ నిలువదు. జ్ఞాపకముమీద చెప్పిన మాటను ఒక గ్రంథకర్త వ్రాయగా, దానిని చూచి మరియొకరు వ్రాయుటచేత తప్పు ఎట్లు ప్రమాణత్వమును పొందునో తెలిసికొనుటకు ఇది మంచి దృష్టాంతము. తాళపత్రముల పాఠనిర్ణయమున మనము పాటించు శ్రద్ధయే యర్వాచీనవిషయములయందును పాటింపవలెనని దీనివలన తేలుచున్నది.

ఈ సవరణమువలన రెండు ఫలితములు కలుగుచున్నవి. మొదటిది: హెచ్. ఎం. రెడ్డియే దర్శకత్వము వహించిన కాళిదాసు 1931 అక్టోబరు 31న విడుదలయైనది. అందు నాయిక టి. పి. రాజలక్ష్మి తమిళమున మాటలాడగా నాయకుడు తెలుగున మాటలాడెను. కావున తెరపై తెలుగుమాట వినబడుట కాళిదాసుతోనే ప్రారంభమైనది. ఆద్యంతము తెలుగైన చిత్రము మాత్రము భక్తప్రహ్లాదయే. కమలాబాయిని తొలి తెలుగు టాకీ నటీమణి యనునపుడు ఈ వివక్షతో ననవలెను. ఆమె గౌరవమున కిందువలన లోపము లేదు. రెండవది: ఆమె నటించిన పాదుకాపట్టాభిషేకము, శకుంతల యను మరి రెండు తెలుగు టాకీలును 1932లోనివే. సాగర్ సంస్థ నిర్మించిన ఈ రెంటికిని కన్నడదేశీయుడగు సర్వోత్తమ బాదామి దర్శకుడు. పాతతేదీ ప్రకారము ఆమె తొలికృషి రెండు సంవత్సరములలో వ్యాపించినట్లుండెను. నిజమునకు మూడు చిత్రములును ఒక్క సంవత్సరముననే ప్రేక్షకులకు చేరినవి. అనగా 1932వ సంవత్సరమున తెలుగు టాకీ యనిన కమలాబాయి కంఠమే యనుట యతిశయోక్తి గాదు.

శకుంతలలో ఆమెకు తోడుగా దుష్యంతుడైనవాడు యడవల్లి సూర్యనారాయణ. ఆయన కృష్ణామండలమునందలి మైలవరము బాలభారతీ నాటకసమాజమున పేరుగన్న నటుడు. కడప మండలమున పుట్టిన సురభి సంప్రదాయమును, కృష్ణామండలపు మైలవరము సంప్రదాయమును బొంబాయి నగరమున నొక్క చిత్రమునందు కలిసికొనుట గమనింపదగిన విషయము. స్వదేశమున వేర్వేరు డేరాలలో నున్నవారిని పరదేశపు యంత్ర మొక్కచోట నిలిపెను.

సూర్యనారాయణ వంటివారు చిత్రము ముగియగానే తిరిగివచ్చి నాటకములాడుకొనిరి. కమలాబాయి యట్లు గాక బొంబాయిలోనే నిలిచి, సాగర్ సంస్థవారి హిందీచిత్రములలో నటించుచు సుమారు పది సంవత్సరములు గడపెను. తెలుగు నాటకములలో పెరిగిన స్త్రీ హిందీచిత్రములలో నిలుచుట యెట్లు సాధ్యమయ్యెను? సురభి కుటుంబములవారికి ఇంటిభాష మరాఠీసంబంధి. నాగరలిపికి దగ్గరయైన యా భాషాసంస్కారము ఆమెకు బొంబాయిలో సాయపడియుండునని యూహింపవచ్చును. నాలుగు తరముల క్రిందట దక్షిణమునకు వచ్చిన కుటుంబపు ఆడుబిడ్డ మరల నుత్తరాపథమునకు పోయి, పూర్వులు తెచ్చిన భాషతో జీవించెనన్నచో, ఆమె ప్రవాసము ఒకవిధముగా ప్రత్యాగమనమని చెప్పవచ్చును. ఇది యూహయే గాని నిర్ణయము గాదు.

ఈ సందర్భమున దూరదేశపు నటీమణి యొకతెతో పోల్చి చూచిన విషయము మరింత స్పష్టపడును. విల్మా బాంకీ 1901లో హంగేరీదేశమున జన్మించెను. ఆమె మొదటి పేరు విల్మా కొన్‌చిచ్. స్వదేశమునను, వియన్నా, జర్మనీలలోను మూకచిత్రములలో నటించుచుండగా, 1925లో అమెరికా చిత్రనిర్మాత సామ్యూల్ గోల్డ్విన్ ఆమెను చూచి యొడంబడిక చేసికొని హాలివుడ్డునకు కొనిపోయెను. ఆమెకు ఆంగ్లము రాదు. రాకున్నను బాధ లేకపోయెను. ఏలన మూకచిత్రమున నటి పెదవి కదలిన చాలును, మాటను వేరుగా అక్షరములలో చూపుదురు. రోనాల్డ్ కోల్మన్, రుడాల్ఫ్ వాలెంటీనో మొదలగు ప్రసిద్ధనటులకు నాయికయై ఆమె రెండుమూడేండ్లలోనే గొప్పకీర్తి గడించెను. 1927లో అమెరికా నటుడు రాడ్ లా రాక్‌ను వివాహమాడెను. అంతలో టాకీలు వచ్చెను. 1929లో విడుదలయైన ఆమె పాక్షికటాకీలో ఆమెకు హంగేరీనుండి వలసవచ్చిన యువతి పాత్ర నిచ్చుటయే, ఆమె యుచ్చారణమునకు నిర్మాతలు తావు వెదకవలసి వచ్చెనని తెలుపుచున్నది. 1930 తరువాత ఆమెకు చిత్రములు కరవై, ఒకటిరెండేండ్లలో ఆమె చిత్రజీవితము ముగిసెను. పిమ్మట అరువది సంవత్సరములు ప్రశాంతముగ జీవించి 1991లో మరణించెను.

ఈ యిరువురి చరిత్రలు ఒక్క కాలమున ఎదురెదురుగా నడచినవి. బాంకీ మౌనమువలన దేశము దాటెను. మాట వచ్చుటతో వెలుగు కోల్పోయెను. కమలాబాయి మాటవలననే దేశము దాటెను. మూకచిత్రయుగమే కొనసాగియుండినచో ఆమె పేరు సురభి డేరాను దాటియుండకపోవును. ఇంకొక భేదము గలదు. బాంకీ వంశనామమును మార్చుకొని ప్రపంచమునకు పరిచితురాలయ్యెను. కమలాబాయి తాను పుట్టని యూరిపేరునే యింటిపేరుగా మోసికొని బొంబాయికి పోయెను. సురభి యనునది ఆమెకు గ్రామమును గాదు, వంశమును గాదు. అది యొక విద్యాసంప్రదాయపు పేరు. సంగీతజ్ఞులు గురుపరంపరను చెప్పుకొనునట్లు ఆమె నాటకపరంపరను పేరునందే ధరించెను.

కమలాబాయి వేసిన త్రోవను తరువాతివారు పలువురు పట్టిరి. 1933లో కలకత్తాలో తయారైన సతీసావిత్రిలో రామతిలకము సావిత్రియయ్యెను. 1934లో నక్కడనే తయారైన లవకుశలో శ్రీరంజని సీతయై తెలుగుదేశమంతటను కన్నీరు పెట్టించెను. నాటకసమాజమునడపిన దాసరి కోటిరత్నము 1935లో సతీసక్కుబాయి చిత్రమునకు కారకురాలయ్యెను. ఏలూరున పెరిగిన పసుపులేటి కన్నాంబ అదే సంవత్సరము హరిశ్చంద్రలో చంద్రమతిగా తెరకెక్కి, 1964లో మరణించువరకు చిత్రసీమయందే యుండెను. 1934 మొదలు చెన్నపట్టణమున స్టూడియోలు వెలయుటతో ప్రవాసదూరము తగ్గెను గాని ప్రవాసము మానలేదు. రాజమహేంద్రవరమునను విశాఖపట్టణమునను 1936 ప్రాంతమున జరిగిన స్టూడియోప్రయత్నములు చిరకాలము నిలువలేదు.

కృష్ణామండలమువారు ఈ విషయమున ప్రత్యేకముగా నాలోచింపవలసిన దొకటి యున్నది. మండలమునందలి నందమూరున జన్మించిన గూడవల్లి రామబ్రహ్మము, చల్లపల్లి జమీందారు యార్లగడ్డ శివరామప్రసాదు ప్రాపున వెలసిన సారథి సంస్థ పక్షమున, 1938లో మాలపిల్లను తీసెను. కాంచనమాల అందు నాయిక. నాటకపద్యముల ధోరణి విడిచి వాడుకమాట తెరమీద ధైర్యముగ పలికిన చిత్రములలో నది ముఖ్యము. కమలాబాయి నోట గ్రాంథికనాటకభాషగా నారంభమైన తెలుగు టాకీ, ఆరేడేండ్లలో కాంచనమాల నోట జనవ్యవహారమునకు వచ్చెను. వ్యావహారికవాదమును గూర్చి పత్రికలలో జరిగిన చర్చలను మనము భద్రపరచితిమి. ఆ వాదము ప్రజల చెవికి చేరిన మార్గమును మాత్రము లెక్కింపలేదు. డెల్టాభూముల ధనము, డెల్టావారి సాహసము, తెలుగు స్త్రీల కంఠము మూడును చెన్నపట్టణమున కలిసి ఫలించినవి. ఇచ్చట మిగిలినది చూచుటకు సినిమాహాలు మాత్రమే. 1942లో బాలనాగమ్మ తరువాత కాంచనమాల చిత్రజీవితము ఆగిపోయినపుడు, ఆమె చరిత్రను చెప్పుటకు పుట్టినప్రాంతమున నేసంస్థయు లేకపోయెను.

కమలాబాయి యనంతరకాలమున మరల తెలుగుచిత్రములకు వచ్చెను. 1952లో విడుదలయైన సంక్రాంతి వంటి చిత్రములలో పెద్దవయసు పాత్రలు ధరించెను. లీలావతిగా నారంభించి తిరిగి తల్లిపాత్రలకే వచ్చుట యామె వృత్తిజీవితము. కాని యా లీలావతిని నేడు చూడగలవా రెవ్వరును లేరు. భక్తప్రహ్లాద చిత్రప్రతి నశించినది. నూరేండ్లయినను కాని యొక కృతి యిట్లు పూర్తిగా లుప్తమగుట, వేయేండ్లనాటి తాళపత్రగ్రంథములు మిగిలియున్న దేశమున విచారింపదగినది. తాళపత్రము ఎవరో యొక లేఖకుడు మరల వ్రాయుటవలన బ్రతికెను. చిత్రమునకు ప్రత్యంతరము వ్రాయువాడు లేకపోయెను.

అయినను సర్వము పోలేదు. చిత్రములు పోయినను వానికి సంబంధించిన పాటలపుస్తకములు, కరపత్రములు, గ్రామఫోను పలకలు, పత్రికాప్రకటనలు అక్కడక్కడ మిగిలియుండును. భక్తప్రహ్లాద తేదీ తేలినది ఇట్టి కాగితములవలననే గదా! ఇట్టివి డెల్టాగ్రామములలో పాతపెట్టెల యడుగున నుండి, ఇల్లు సర్దునపుడు పాతకాగితములవారికి తూకమునకు పోవుచున్నవి. పాఠశాలలయందలి పండితులు తమ గ్రామములలో నాటకసమాజములకు సంబంధించిన కరపత్రమొకటి లభించినను దానిని సాహిత్యసామగ్రిగా నెంచి భద్రపరచి, అందలి పాత్రధారుల పేర్లను, అందును స్త్రీల పేర్లను, తేదీతోగూడ వ్రాసి పంపినచో పరిశోధకులకు మహోపకారము చేసినవా రగుదురు. కవి వ్రాసిన పద్యమును నిలుపుట మన ధర్మమైనచో, దానిని మొదట లోకమునకు పలికిన స్త్రీ పేరును నిలుపుటయు నా ధర్మముననే చేరును.